ఓడ బొమ్మ అగ్గిపెట్టె

మా నాయనమ్మకు చదువు రాదు. అయినా కొట్టుకు పంపేటప్పుడు ఏనాడూ తడుముకోలేదు. "ఓడ బొమ్మ అగ్గిపెట్టె తేరా, ఇంకోటి ఇస్తే వద్దను" అనేది. ఆ పెట్టె విమ్కో కంపెనీదని ఆమెకు తెలియదు. తెలియాల్సిన పనీ లేదు.

కిరాణా కొట్టులో సరుకు మన చేతికి అందదు. శెట్టిగారి వెనక అరల్లో ఉంటుంది, మధ్యలో బల్ల అడ్డం. కంటికి ఆనితే చాలదు, నోరు తెరిచి అడగాలి. అందుకే శివకాశి అగ్గిపెట్టె మీద గుర్రం, తాళంచెవి, కోడిపుంజు, తామరపువ్వు లాంటివి ఎక్కాయి. ఒక్క మాటలో చెప్పగలిగే బొమ్మే పనికొస్తుంది. ఎంత అందమైన ప్రకృతి దృశ్యం వేసినా దాన్ని ఏమని అడుగుతాం?

పెట్టె రెండు పక్కలా పుల్ల గీసే మందు పట్టీ ఉంటుంది. బొమ్మకు మిగిలేది రెండంగుళాల చోటు. అందులో నడుమ ఒకే ఆకారం, చుట్టూ నల్లటి గీత, వెనక నిండు పసుపో ఎరుపో. మసక వెలుతురు కొట్టులో దూరానికి ఆనేవి ఆ రంగులే. రాతి అచ్చు రోజుల్లో రంగుకో రాయి కావాలి కనుక రంగులు పెరిగితే ఖర్చు పెరిగేది. ఆ పొదుపు నుంచే ఆ బొమ్మలకు అంత తేట వచ్చిందని నా నమ్మకం. డజను కట్ట మీద అదే బొమ్మ పెద్దదిగా ఉండేది. అరలో ముందు కనిపించేది అదే.

స్వీడన్, జపాన్ పెట్టెలు దిగుమతైన రోజుల్లోనే వాటి మీద మన దేవుళ్లు కనిపించారు. 1922లో అయ్య నాడార్, షణ్ముగ నాడార్ కలకత్తా వెళ్లి అగ్గిపుల్లల తయారీ నేర్చుకుని శివకాశికి తిరిగొచ్చారు. వానలు తక్కువైన ఊరది. పొడిగాలి పుల్లల మందుకే కాదు, అచ్చుకూ మేలు చేసింది. తేమకు కాగితం సాగితే ఒక రంగు మీద ఇంకో రంగు సరిగ్గా కూర్చోదు. లేబుళ్లతో మొదలైన ఆ అచ్చుపని క్యాలెండర్లు, డైరీల దాకా పెరిగింది.

2007 నుంచి 2021 దాకా అగ్గిపెట్టె వెల రూపాయే. ఎవరిదైనా అదే ధర, దాదాపు అవే పుల్లలు. కొనేవాడి మనసు తిప్పడానికి బొమ్మ ఒక్కటే మిగిలింది. పేరుపడ్డ బొమ్మను పోలిన బొమ్మలు, ఒక్క అక్షరం మార్చిన పేర్లు పుట్టుకొచ్చాయంటే ఆ రెండంగుళాల విలువ ఏపాటిదో తెలుస్తుంది.

పుల్లలు అయిపోయాక అట్ట మాది. బొమ్మ మేరకు కత్తిరించి ఆటలో పందెం కాసేవాళ్లం. ఓడలు ఇంటింటా దొరికేవి కనుక వాటికి లెక్క తక్కువ. మా ఊరి కొట్టుకు రాని ఏనుగు బొమ్మ ఒకటి కావాలంటే పది ఓడలు ఇచ్చుకోవాల్సి వచ్చేది.