రాయి కాదు, ఇటుక

లండన్‌లో ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్ రద్దీని దాటి కాస్త ఉత్తరంగా నడిస్తే మార్గరెట్ స్ట్రీట్ వస్తుంది. అక్కడున్న ఆల్ సెయింట్స్ చర్చిని ఎదురుగా నిలబడి తీరిగ్గా చూడటం కుదరదు. వీధి ఇరుకు. మెడ ఎంత వెనక్కి వంచినా 227 అడుగుల శిఖరం ఒక్క చూపులో పట్టదు. ఒక చిన్న గేటు, లోపల ఒక చిన్న వాకిలి, వాకిలికి అటొక ఇల్లు ఇటొక ఇల్లు, వాటి వెనక చర్చి. అంతా కలిపి దాదాపు వంద అడుగుల చదరం. అగ్రహారంలో ఒక ఇంటికి సరిపోయే జాగాలో ఇంత కట్టడం ఎలా ఇమిడింది అన్నదే ముందు కలిగే ఆశ్చర్యం.

ఇంగ్లండ్ చర్చిలో పాత ఆరాధనా పద్ధతుల్ని మళ్ళీ తేవాలన్న ఉద్యమం ఊపు మీదున్న రోజులవి. 1839లో కేంబ్రిడ్జిలో కొందరు విద్యార్థులు పెట్టుకున్న సంఘం, చర్చి ఎలా కట్టాలో దేశమంతటికీ పాఠాలు చెప్పే స్థాయికి పెరిగింది. చెప్పడం సరే, ఒకటి కట్టి చూపించాలి కదా! అలా 'నమూనా చర్చి'గా మొదలైంది ఇది. 1850లో పూసీ శంకుస్థాపన చేశాడు. 1859లో ప్రతిష్ఠ జరిగింది. డబ్బు పెట్టినవాళ్ళలో హెన్రీ ట్రిటన్ అనే బ్యాంకరు ఉన్నాడు. పని వెనక నిలబడినవాడు మాత్రం బెరెస్‌ఫర్డ్ హోప్. ఈ ఇంటిపేరు మనకి కొత్త కాదు. కృష్ణ ఒడ్డున కొల్లూరు గనిలో దొరికిందని చెప్పే నీలం రంగు హోప్ వజ్రం ఈయన బాబాయిదే. అది ఈయన అన్నకి దక్కిందనుకోండి, ఆ కథ వేరు.

నమూనా అన్నారు గాని, విలియం బటర్‌ఫీల్డ్ కట్టిచ్చినదాంట్లో పాతదాని నకలు చాలా తక్కువ. అసలు తెగింపు ఇటుక దగ్గరే ఉంది. ఇటుక ఇళ్ళకి, గిడ్డంగులకి. దేవుడికైతే రాయి. అప్పటి పెద్దమనుషుల లెక్క ఇది. ముప్ఫై ఆరేళ్ళ బటర్‌ఫీల్డ్ దేవుడికీ ఇటుకే వాడాడు. పైగా దాన్ని దాచలేదు. ఎర్ర గోడల మీద నల్ల ఇటుకల అడ్డపట్టీలు, మెలికలు వేసి మరీ చూపించాడు. ఇటుకల మీద పన్ను ఎత్తేసింది కూడా 1850లోనే. అలాగని ఇది చవక పని అనుకోకండి. రాయికన్నా ఈ ఇటుకలకే ఎక్కువైందంటారు.

లోపలికి వెళితే రంగు మీద పడుతుంది. పాలరాళ్ళు, గ్రానైటు, మెరుగుపలకలు, పూత పూసిన ఇటుకలు. ఖాళీ జాగా అన్నది కనపడదు. పూర్తికాకముందే 1853లో రస్కిన్ దీన్ని ఆకాశానికెత్తాడు. తర్వాతి శతాబ్దంలో జాన్ సమర్సన్, వికారంలోనే ఒక వైభవం ఉందన్న అర్థమొచ్చే పేరుతో బటర్‌ఫీల్డ్ మీద వ్యాసం రాశాడు. ఆ మాట బాగా అతుక్కుపోయింది. ఇప్పటికీ చాలామంది ఈ చర్చిని 'వికారమే, కానీ...' అంటూ మెచ్చుకుంటారు. నాకు ఆ 'కానీ'తోనే పేచీ. ఈ రంగు అలంకారం కాదు. గోడ దేంతో కట్టారో అదే దాని రంగు. గీకినా పోదు, కడిగితే ఇంకా తేలుతుంది. పొగ కమ్మిన నగరంలో రంగు నిలవాలంటే అది గోడ లోపలే ఉండాలి. ఇది వికారం ఎలా అవుతుంది?

నా మాట నమ్మకపోతే తూర్పు గోడ చూడండి. మామూలుగా బలిపీఠం వెనక పెద్ద కిటికీ ఉంటుంది. ఇక్కడ ఆ గోడ వెనక ఇళ్ళున్నాయి, కిటికీ కుదరదు. అందుకని గోడంతా బొమ్మలతో నింపారు. వేసినవాడు విలియం డైస్, ఆ కాలపు ఇంగ్లండులో కుడ్యచిత్రాలు తెలిసిన కొద్దిమందిలో ఒకడు. యాభై ఏళ్ళు తిరిగేసరికి అవి పాడైపోయాయి. 1909లో నినియన్ కాంపర్ వాటి స్థానంలో కొత్తవి వేశాడు. ఈ చర్చిలో చిత్రకారుడి చేతికి అప్పగించిన చోటే ముందు చెడింది, తాపీవాళ్ళు పేర్చిన చోటు నిలిచింది. కాంపర్ బొమ్మలు నాజూగ్గా ఉంటాయి, చూడముచ్చటగానూ ఉంటాయి. కాని పక్కనున్న గోడల మోటుదనం ముందు ఎవరో కొత్త చుట్టం మధ్యలో కూర్చున్నట్టుంటుంది.

అన్నీ మెచ్చుకోలేను. 1873 నాటి ఉత్తరపు గోడ మీది పలకల చిత్రం బటర్‌ఫీల్డ్ హయాంలోదే అయినా నాకు నచ్చదు. పలక పలకలా ఉన్నంతసేపూ బాగుంటుంది. మనిషి మొహంగా మారాలని చూసేసరికి క్యాలెండరు బొమ్మ అవుతుంది.

హోప్‌కీ బటర్‌ఫీల్డ్‌కీ పని నడుస్తుండగానే చెడింది. స్ట్రాండ్‌లో మందుల దుకాణం నడిపిన తండ్రికి పుట్టి, పెళ్ళి చేసుకోక, ఎవరి మాటా వినక, 1900 దాకా బతికిన మనిషి బటర్‌ఫీల్డ్. డబ్బు పెట్టినవాడు చెప్పాడని ఒక్క పట్టీ రంగు మార్చే రకం కాదు.

లండన్ దూరమనుకునేవాళ్ళు ముంబయి కొలాబాలోని అఫ్ఘాన్ చర్చికి వెళ్ళొచ్చు. దాన్ని కట్టింది వేరొకరు. లోపల నేల మీది పలకల నమూనా మాత్రం ఈయనదే. చెప్పులు విడిచి వాటి మీద కాసేపు నడవండి.