తలపులు వినే పిల్ల, దొరకని హంతకుడు

ఎదుటివాళ్ళ మనసులో మాట వినపడే మనిషిని తెచ్చి హత్యకథలో నాయికగా పెడితే, ఆ కథ నాలుగో పేజీకే అయిపోవాలి. అనుమానం ఉన్నవాళ్ళందరినీ ఒక గదిలో కూర్చోబెట్టి, ఒక్కొక్కరి మొహం చూసి, ఇదిగో వీడే అని వేలు చూపిస్తే చాలు. అమెరికా రచయిత్రి చార్లెయిన్ హారిస్ 2001లో తెచ్చిన 'డెడ్ అన్‌టిల్ డార్క్' నవలలో సూకీ స్టాక్‌హౌస్‌కి ఉన్నది సరిగ్గా ఆ శక్తే. అయినా ఆ ఊళ్ళో ఒకరి తర్వాత ఒకరు ఆడవాళ్ళు చనిపోతూనే ఉంటారు. హంతకుడు ఆమె కళ్ళెదుటే తిరుగుతుంటాడు. ఆమెకి చివరిదాకా తెలియదు, చదివేవాళ్ళలో చాలామందికీ తెలియదు. ఈ అసాధ్యాన్ని హారిస్ ఏయే బిగింపులతో సాధ్యం చేసిందో విప్పి చూడాలని నాకు ఎప్పటినుంచో కోరిక. హంతకుడి పేరు మాత్రం చెప్పను. చదవనివాళ్ళకి ఆ సరదా మిగలాలి కదా.

కథ జరిగేది లూసియానా రాష్ట్రం ఉత్తరాన, బాన్ టాంప్స్ అనే కల్పిత ఊళ్ళో. లూసియానా వాంపైర్ అనగానే ఆన్ రైస్ 1976 నాటి నవలతో పాఠకులకి అలవాటు చేసిన న్యూ ఆర్లీన్స్, పాత భవంతులు, పట్టు దుస్తులు గుర్తొస్తాయి. హారిస్ అటు పోలేదు. ఊరిబయట బీరు, బర్గర్లు అమ్మే మెర్లాట్స్ అనే బార్, అందులో వెయిట్రెస్‌గా చేసే పాతికేళ్ళ అమ్మాయి, ఇంట్లో ఆమెని పెంచిన నాయనమ్మ, ఊళ్ళో ఆడపిల్లల వెంట తిరిగే అన్న జేసన్. జపాన్‌వాళ్ళు కృత్రిమ రక్తం తయారుచేయడంతో వాంపైర్లు ఇక దాక్కోనక్కర్లేదని బయటికొచ్చేశారు. సీసాలో దొరికే నెత్తురు తాగి మర్యాదగా బతుకుతాం అంటున్నారు. ఒక రాత్రి అలాంటివాడొకడు, బిల్ కాంప్టన్, సూకీ బల్ల దగ్గరికొచ్చి కూర్చుంటాడు.

ఆ వెంటనే వచ్చే ఘట్టం చూడండి, పనితనం అక్కడే బయటపడుతుంది. వాంపైర్ నెత్తురు మనుషులకి మత్తుమందులా, బలం మందులా పనిచేస్తుంది కాబట్టి దాన్ని తోడి అమ్ముకునే దొంగలు తయారయ్యారు. అలాంటి మొగుడూపెళ్ళాలు బిల్‌ని బార్ బయట చీకట్లో పడేసి, సన్నటి వెండి గొలుసులతో కట్టేసి నెత్తురు తీస్తుంటారు. వెండి వాంపైర్ ఒంటిని కాలుస్తుంది, కదలనివ్వదు. సూకీ అన్న ట్రక్కులో ఉన్న బరువైన ఇనప గొలుసు అందుకుని వాళ్ళ మీద పడుతుంది. ఒకే ఘట్టంలో రెండు గొలుసులు. ఒకటి వందేళ్ళు దాటిన బలశాలిని కట్టిపడేసేది, రెండోది మామూలు ఆడపిల్ల చేతిలో ఆయుధమయ్యేది. వాంపైర్ కథల్లో ఆపదలో ఉన్న ఆడపిల్లని ఆదుకోవడం అతగాడి వంతు. ఇక్కడ నాయికే నాయకుణ్ణి కాపాడింది. ఈ ప్రపంచంలో వెండి ఏంచేస్తుంది, నెత్తురుకి ధరెందుకు, ఊళ్ళో ఎలాంటి మనుషులున్నారు, ఈ పిల్లకి తెగువెంత అన్నవి నాలుగూ ఒక్క దెబ్బలాటలో చెప్పేసింది. విడిగా వివరించాల్సిన అవసరమే రాలేదు.

ఈ పుస్తకం గురించి పాఠకులు మొదటినుంచీ రెండు జట్లు. ప్రేమకథ కోసం వచ్చినవాళ్ళు హత్యలు అడ్డం వస్తున్నాయంటారు. మిస్టరీ కోసం వచ్చినవాళ్ళు ప్రేమ ఎక్కువైంది, ఆచూకీలు తక్కువయ్యాయంటారు. రెండో జట్టు వాదన వినేముందు ఒక సంగతి గుర్తుపెట్టుకోవాలి. ఈ నవలకి దక్కిన ఆంథొనీ పురస్కారం నేరకథల అభిమానులు ఏటా జరుపుకునే బౌచర్‌కాన్ సభలో, సభకొచ్చినవాళ్ళ ఓట్లతో ఇచ్చేది. అంటే మిస్టరీ చదివీ చదివీ ముదిరినవాళ్ళే దీన్ని తమ కోవలోది అని ఒప్పుకున్నారు. హారిస్ కూడా ఆ కోవనుంచి వచ్చినామే. వాంపైర్ల జోలికి రాకముందు లైబ్రేరియన్ అరోరా టీగార్డెన్ నాయికగా చిన్న ఊళ్ళ హత్యకథలు వరసగా రాసింది. ఎవరి మీద ఎప్పుడు అనుమానం వాలాలో, ఎప్పుడు లేవాలో అప్పటికే ఆమె చేతికి అలవాటైన పని.

ఇప్పుడు అసలు బిగింపుల దగ్గరికి వద్దాం.

మొదటిది నిశ్శబ్దం. సూకీకి ఇతరుల తలపులు వినపడటం వరం కాదు, తనే దాన్ని అవిటితనం లెక్కన చూస్తుంది. బీరు ఆర్డరు తీసుకునేటప్పుడు ఎదుటివాడి బూతులు, వాడి అప్పులు, భార్య మీద కోపం, అన్నీ చెవిలో పడుతుంటే పనేం చేస్తుంది? మగవాడితో షికారుకి వెళ్తే తన ఒళ్ళు గురించి వాడేమనుకుంటున్నాడో వినపడుతుంటుంది. ప్రేమ అక్కడే చచ్చిపోతుంది. బిల్ మాత్రం చనిపోయిన మనిషి, అతని బుర్రలోంచి ఏ చప్పుడూ రాదు. జీవితంలో మొదటిసారి ఆమె ఒక మగవాడి పక్కన ప్రశాంతంగా కూర్చోగలిగింది. ప్రేమకి ఇంతకన్నా గట్టి కారణం నేను వాంపైర్ కథల్లో చూడలేదు. అందం, చల్లని చర్మం, చీకటి చూపులు కావు, చెవులకి దొరికిన విశ్రాంతి. నాలుగేళ్ళ తర్వాత వచ్చిన 'ట్వైలైట్'లో తలపులు వినేవాడు వాంపైరే, వినపడనిది అమ్మాయి మనసు. రెండూ పక్కపక్కన పెట్టి చదివితే హారిస్ అమరిక ఎందుకు మేలైనదో తెలుస్తుంది. బిల్ మనసు వినపడకపోవడమే సూకీకి హాయి, అదే ఆమెకి ప్రమాదం. వినపడనివాడు హంతకుడు కాడని ఎవరు చెప్పాలి? ఒకే మేకు ప్రేమకథనీ హత్యకథనీ కలిపి పట్టుకుంది. ప్రేమ అడ్డమొచ్చిందనేవాళ్ళు ఆ మేకు పీకేసి చూస్తే హత్యకథ కూడా కిందపడుతుంది.

రెండోది కంచె. అందరి తలపులూ వింటూ కూర్చుంటే పిచ్చెక్కుతుంది కాబట్టి సూకీ చిన్నప్పటినుంచీ మనసు చుట్టూ ఒక అడ్డు కట్టుకుంది. పైగా నాయనమ్మ పెంపకం. అడక్కుండా ఒకరింట్లోకి తొంగిచూడటం ఎంత తప్పో, తెలిసినవాళ్ళ మనసులోకి చెవిపెట్టడమూ అంతే తప్పని ఆమె లెక్క. బుర్రలందరివీ ఒకేలా వినపడవు కూడా. కొందరివి గట్టిగా, కొందరివి మసగ్గా, తాకితే ఇంకాస్త స్పష్టంగా. ట్రే మోస్తూ బల్లల మధ్య పరుగులు పెట్టే పిల్ల ఎంతమందిని తాకుతుంది? జేసన్ మీదికి పోలీసుల కళ్ళు మళ్ళాక ఆమె ఆ అడ్డు తీసేసి కావాలనే వింటుంది. వినపడేది ఊరి మురికంతా, కావలసిన ముక్క తప్ప. ఎందుకంటే హంతకుడైనా సరే పొద్దస్తమానం తను చేసిన హత్యే తలుచుకుంటూ కూర్చోడు. వాడికీ జీతం రోజు ఉంటుంది, ఆకలి ఉంటుంది. ఆ క్షణంలో మనసులో ఆడేదే వినపడుతుంది గానీ మనిషి చరిత్రంతా కాదు. ఈ ఒక్క నియమం లేకపోతే పుస్తకమే లేదు.

ఈ నియమం రచయిత్రి తన వీలు కోసం పెట్టుకున్నది కాదా అని అడిగే పాఠకులున్నారు. దానికి జవాబు నవల మధ్యలోనే ఉంది. ష్రీవ్‌పోర్ట్‌లో వాంపైర్లు నడిపే ఫాంగ్టేసియా అనే బార్ ఉంటుంది, యజమాని ఎరిక్. అక్కడ డబ్బు పోతోంది. సూకీని పిలిపించి పనివాళ్ళని ఒక్కొక్కరినీ ఎదుట కూర్చోబెడతాడు. ఆమె తాకి, అడిగి, విని, ఒక్క కూర్చోవడంలో దొంగెవరో తేల్చేస్తుంది. అంటే మొదట మనం అనుకున్న నాలుగు పేజీల కథ ఇదే, హారిస్ దాన్ని రాసి మరీ చూపించింది. ఈ పిల్ల శక్తికి అడ్డు లేకపోతే ఏమవుతుందో పాఠకుడి చేతిలో పెట్టి, అసలు హత్యలకి ఆ అడ్డు ఎందుకు కావాలో ఒప్పించింది. ఆ కొద్ది పేజీలు చాలామంది ఎరిక్ కోసం చదువుతారు. నాకు మాత్రం నవల మొత్తానికీ తాళంచెవి అక్కడే దొరికింది.

మూడోది శవాల మీద గుర్తులు. చనిపోయిన ఇద్దరమ్మాయిల ఒంటి మీద వాంపైర్ పళ్ళ గాట్లున్నాయి, కానీ పాతవి. చంపింది గొంతు నులిమి. నెత్తురు తాగి బతికేవాడు ఒక్క చుక్క తాగకుండా గొంతు పిసికి ఎందుకు పోతాడు? ఈ ప్రశ్న ఊళ్ళోవాళ్ళకి తట్టదు. గాట్లు చూడగానే వాంపైర్లే అని తేల్చేస్తారు. ఆ అమ్మాయిలతో జేసన్‌కి సంబంధం ఉంది కాబట్టి పోలీసులు అతని వెంట పడతారు. బార్ యజమాని సామ్ మంచివాడే, కానీ అతని తలపులు సూకీకి మసగ్గా వస్తాయి, కారణం తర్వాత గానీ తెలియదు. కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్ కథలు చదివి పెరిగిన మనవాళ్ళకి ఈ అనుమానాల పంపకం కొత్తేమీ కాదు. కొత్తదేమిటంటే గాట్లు అబద్ధపు ఆచూకీ కాకపోవడం. అవి హంతకుడు పెట్టినవి కావు, కానీ అతను వాళ్ళని ఎందుకు ఎంచుకున్నాడో చెప్పేవి అవే. ఆచూకీ నిజమే, చూడాల్సిన దిక్కు వేరు. ఈలోగా ఊళ్ళోవాళ్ళు కొందరు వాంపైర్లుండే ఇల్లు తగలబెడతారు. హంతకుడు మాత్రం ఆగడు.

ఇంకో చిన్న సంగతి, దీన్ని చాలామంది పట్టించుకోరు. బిల్ పగలు లేడు. పోలీసులు రావడం, ఊరి మాటలు, ఎండలో ఒళ్ళు కాచుకుంటూ సూకీ పడుకోవడం, అన్నీ పగలే. రాత్రికి ప్రేమ, పగటికి నేరం అని గడియారమే కథని రెండుగా కోసిచ్చింది. అంత బలమున్న ప్రియుడు పక్కనుంటే ఏ హంతకుడైనా రెండో అధ్యాయంలోనే చస్తాడు. అతన్ని పక్కకి తప్పించడానికి వేరే సాకులు వెతుక్కోనక్కర్లేకుండా సూర్యుడు ఆ పని చేసిపెట్టాడు. చివర్లో మాత్రం రాత్రిపూట కూడా బిల్ ఊళ్ళో ఉండకూడదు, అందుకే అతన్ని న్యూ ఆర్లీన్స్ పంపించింది. అక్కడ కాస్త అతుకు కనపడుతుంది, ఒప్పుకోవాలి. అతను వెళ్తూ కాపలాకి ఏర్పాటు చేసిన బుబ్బా అనే మందబుద్ధి వాంపైర్ వల్ల ఆ అతుకుని క్షమించొచ్చు. వాడు బతికున్నప్పుడు ప్రపంచమంతా ఎరిగిన పాటగాడు, అసలు పేరు ఎవరూ పలకకూడదు. ఎవరో గుర్తుపట్టిన పాఠకులు ఆ పేజీ దగ్గర నవ్వకుండా ఉండలేరు.

బట్టల సంగతి మీద ఫిర్యాదులు బోలెడు. సూకీ ఏం కట్టుకుంది, జుట్టు ఎలా ముడిచింది, ఏ రంగు చెప్పులు, ప్రతిసారీ చెబుతుంది, విసుగు అంటారు. కొన్నిచోట్ల నిజమే, తీసేసినా నష్టం లేదు. కానీ కథ చెప్పేది ఆమే, టిప్పుల మీద బతికే పిల్ల, ఉన్న నాలుగు జతల్లో ఏది వేసుకోవాలన్నది ఆమెకి ఆలోచించాల్సిన విషయమే. ఇంకో ఉపయోగమూ ఉంది. కాఫీ కలపడం, బల్ల తుడవడం, గిన్నెలు కడగడం అనే వరసలో కలిపేసి చెప్పిన ఒక చిన్న మాట మన కంటబడకుండా జారిపోతుంది. హంతకుడు దాక్కున్నది చీకట్లో కాదు, ఈ మామూలు పనుల రద్దీలో.

ముగింపు మీద ఫిర్యాదు ఇంకా బలమైనది. సూకీ ఆచూకీలు పేర్చి హంతకుణ్ణి పట్టుకోలేదు, వాడే ఆమె ఇంటికొచ్చాడు అంటారు. ఇది సగం నిజం. డిటెక్టివ్‌గా ఆమెకి తక్కువ మార్కులే. కానీ మిగతా కథల్లో హంతకుడు తుపాకీ గురిపెట్టి నిలబడి, ఎందుకు చంపానో అరగంట ఉపన్యాసమిచ్చే చోట ఇక్కడేం జరిగిందో గమనించండి. ఇంటికి, బిల్ ఇంటికి మధ్యనున్న శ్మశానం వైపు పరుగెత్తుతున్న పిల్లకి, వెంటబడినవాడి బుర్రలోంచి అతని సొంత చెల్లి మొహం, దాని వెనక కథ వినపడతాయి. అప్పటిదాకా పనికిరాకుండా పోయిన శక్తి సరిగ్గా హంతకుడి మనసులో హత్య తప్ప ఇంకేమీ లేని క్షణంలో పనిచేసింది. అంతకుముందు గాయపడ్డప్పుడు బిల్ తాగించిన నెత్తురు ఆమె ఒంట్లో ఉంది, బలం దానిది. ప్రేమకథలో భాగంగా తాగింది ప్రాణం కాపాడింది. అయినా చివరికి పొడిచింది ఆమె చెయ్యే, కత్తి వాడిదే. బిల్ వచ్చేసరికి అంతా అయిపోయింది.

నన్ను నిజంగా ఇబ్బందిపెట్టే ఫిర్యాదు వేరే ఉంది. చిన్నప్పుడు తనని పాడుచేసిన ముసలి బంధువు సంగతి సూకీ బిల్‌కి చెబుతుంది. కొన్నాళ్ళకి ఆ ముసలివాడు చనిపోతాడు, ఎవరి పనో ఆమెకి అర్థమవుతుంది. ఆడవాళ్ళని చంపిన మనిషిని వెతికే నవలలో ప్రియుడు చేయించిన చావు మాత్రం కొద్ది పేజీల్లో సర్దుకుపోవడం ఏమిటని అడిగే పాఠకులకి నా దగ్గర జవాబు లేదు. హారిస్‌కి ఆ ప్రశ్న తెలుసు, సూకీ కుంగిపోవడం రాసింది కూడా. కానీ అంత బరువు మోయడానికి ఆ పేజీలు చాలలేదు.

ఇలాంటి వాదనలు 13 నవలలదాకా సాగాయి. హెచ్‌బీఓ 2008లో 'ట్రూ బ్లడ్' పేరుతో సీరియల్ మొదలుపెట్టాక పాఠకులు పెరిగారు, గొడవలూ పెరిగాయి. 2013లో వచ్చిన చివరి నవలలో సూకీ ఎవరివైపు మొగ్గిందో చూసి ఎరిక్ అభిమానులు రచయిత్రి మీద మండిపడ్డారు. ఆ గొడవలో మొదటి నవల పనితనం మరుగునపడిందని నాకనిపిస్తుంది. హంతకుడెవరో తెలిశాక దాన్ని మళ్ళీ తెరిచి బార్ ఘట్టాలు మాత్రం వరసగా చదవండి. ఆ మనిషి ఎక్కడ కూర్చున్నాడు, పక్కన ఎవరున్నారు, వాంపైర్ల మాట వచ్చినప్పుడు ఏమన్నాడు, అన్నీ అక్కడే రాసి ఉన్నాయి, ఒక్కటీ దాచలేదు.