లేని బిందె బరువు

గ్రీన్ మ్యాట్ ముందు నిలబడ్డ నటుడికి ఎదురుగా ఏమీ ఉండదు. లేని పులితో పోరాడాలి, లేని కొండ అంచున ఆగిపోవాలి, లేని తలుపు తోసుకుని లోపలికి రావాలి. జూబ్లీహిల్స్, ఫిలింనగర్ స్టూడియోల్లో ఇది ఇప్పుడు రోజువారీ పని. పులినీ కొండనీ తలుపునీ తర్వాత గ్రాఫిక్స్ వాళ్లు చేరుస్తారు. ఆ తలుపు బరువుని మాత్రం వాళ్లు చేర్చలేరు. షాట్ తీసే వేళకే అది నటుడి భుజంలో ఉండాలి. అక్కడ లేకపోతే ఎన్ని కోట్లు పోసినా తెర మీద అది తలుపనిపించదు.

సినిమాలకి మాటలు రాయడం నా వృత్తి. కొంతకాలంగా మూకాభినయం నేర్చుకుంటున్నాను. మాట అక్కర్లేని చోటు తెలిసినవాడికే మాట ఎక్కడ పడాలో తెలుస్తుందన్న నమ్మకంతో ఇందులోకి దిగాను. ఈ కళకి గట్టి వ్యాకరణం ఉంది, ఒళ్లు వంచి చేయాల్సిన సాధన ఉంది, పరీక్ష కూడా ఉంది. లండన్‌లో 1861లో మొదలైన లామ్డా నాటక విద్యాలయం నటనకి పెట్టినట్టే మైమ్‌కీ విడిగా గ్రేడ్ పరీక్షలు పెట్టింది. మొత్తం ఎనిమిది గ్రేడ్లు. చివరి మూడింటికీ వరసగా కాంస్య, రజత, స్వర్ణ పతకాల హోదా. అభ్యర్థి ముందు చేసి చూపించాలి, ఆ తర్వాత ఆ కళ గురించి పరీక్షకుడు అడిగేవాటికి జవాబు చెప్పాలి. పై గ్రేడు పాఠాలే నేనిప్పుడు సాధన చేస్తున్నది.

కళకి మార్కులేమిటని మిత్రులు అడుగుతుంటారు. స్టేజీ ముందున్న ప్రేక్షకుడు దయగలవాడు. మనం గోడ ఉందన్నట్టు రెండు అరచేతులు ఆనిస్తే చాలు, మిగతాది తనే ఊహించుకుని చప్పట్లు కొడతాడు. పరీక్షకుడు అలా వదిలేయడు. ఇందాక ఛాతీ ఎత్తున ఉన్న బల్ల ఇప్పుడు నడుము ఎత్తుకి ఎందుకు దిగిందో, చేతిలో ఉన్న గ్లాసు కింద పెట్టకుండానే ఎటు పోయిందో చూస్తాడు. లేని వస్తువుకి కూడా కొలత ఉంటుంది, చోటు ఉంటుంది, బరువు ఉంటుంది. వాటికి కట్టుబడి ఉండటమే పై గ్రేడు చదువు.

సాధనలో మొదటిది ఒంటిని విడదీయడం. తల కదిలితే మెడ కదలకూడదు, రొమ్ము పక్కకి జరిగితే నడుము తోడు రాకూడదు. రెండోది స్థిర బిందువు: గాలిలో ఒకచోట పిడికిలి నిలిపితే ఒళ్లంతా దాని చుట్టూ తిరిగినా పిడికిలి వెంట్రుకవాసి కూడా జరగదు. చూసేవాడికి అక్కడ కిటికీ ఊచ కనబడేది అందుకే. మూడోది ఎదురుబరువు, అంటే వస్తువు మనల్ని ఎటు లాగుతోందో దానికి ఒళ్లు ఇచ్చే జవాబు. ఇవి మూడూ కలిసే చోటే అసలు కష్టం.

నేను తయారుచేసుకుంటున్న అంశం బావిలో నీళ్లు తోడటం. ముందు చూపు నీళ్లని తాకాలి. గట్టు మీద నుంచి లోపలికి చూసినప్పుడు కళ్లు దగ్గర ఆగిపోతే బావి గుంట అయిపోతుంది. చేద వదిలినప్పుడు చేంతాడు అరచేతుల్లోంచి జారుతుంది, వేళ్లు దాన్ని పట్టుకోవు, దారి చూపిస్తాయంతే. చేద నీటిని తాకగానే తాడు ఒక్క క్షణం వదులవుతుంది. ఆ వదులు మోచేతుల్లో కనబడాలి. మణికట్టుతో ఒక్క విదిలింపు ఇస్తే చేద ఒరిగి మునుగుతుంది. అప్పుడు బరువు వస్తుంది. ఒక్కసారిగా రాదు, నీళ్లు నిండే కొద్దీ వస్తుంది. గిలక మీదుగా లాగేటప్పుడు పై చెయ్యి అందుకోవడానికి మడమలు లేస్తాయి, ఒంటి బరువంతా తాడు మీద వేసి మోకాళ్లు వంగుతాయి. ఒక చెయ్యి వదిలి పైకి పోయినంతసేపూ బరువంతా రెండో చేతిదే. ఆ చెయ్యి జరిగితే చేద బావిలో పడ్డట్టే.

నిండిన బిందెని ఎడమ చంకనెత్తుకుంటే నడుం కుడివైపుకి వాలుతుంది, కుడి చెయ్యి దానంతటదే ఒంటికి దూరంగా పోతుంది, అడుగు పొట్టిదవుతుంది. బిందె మెడని చుట్టిన ఎడమ చెయ్యి చివరిదాకా అదే గుండ్రన నిలుపుకోవాలి. దించాక వెన్ను వెంటనే నిటారు కాదు. బరువు పోయిందని నమ్మడానికి ఒంటికి కాస్త సమయం పడుతుంది. "దించిన చోటు నీ కాళ్లకి గుర్తుండాలి" అంటారు మా మాస్టారు. అక్కడ బిందె ఉందిగదా మరి, దాన్ని తొక్కుకుంటూ పోకూడదు.

ఇదంతా వివరంగా తెలుసుకోవడానికి మా అమ్మని అడిగాను. "అమ్మా, చేంతాడు ఎలా లాగేదానివి?" అంటే, "లాగడమేరా, చూపించేదేముంది?" అంది. బతిమాలితే లేచి నిలబడింది. ఫ్లాట్‌లో, సోఫాకీ టీవీకీ మధ్య, ఏమీ లేని చోట లాగి చూపించింది. మడమలు లేచాయి, మోకాళ్లు వంగాయి, ఒక చెయ్యి పైకి పోయినప్పుడు రెండోది రాయిలా ఆగింది. పుస్తకంలో నేను చదువుకుంటున్న ప్రతి సూత్రమూ ఆ ఒంట్లో ఉంది. పైగా పుస్తకంలో లేనిదొకటి చేసింది. చేద గట్టు దాకా వచ్చాక ఎడమ చేత్తో తాడు బిగించి పట్టి, కుడి చేత్తో చేద పిడి అందుకునే ముందు మోకాలిని గట్టుకి ఆనించింది. "లేకపోతే ముందుకి తూలి పడమూ?" అంది.

ఆధునిక మూకాభినయానికి వ్యాకరణం రాసిన ఫ్రెంచి గురువు ఎతియెన్ దెక్రూ (1898–1991) చరిత్ర చదివితే ఇందులో ఆశ్చర్యం ఉండదు. నాటకంలోకి రాకముందు ఆయన కసాయి దుకాణంలో, తాపీపనిలో, ఓడరేవులో, ఇంకా ఎన్నో కూలిపనుల్లో చెమటోడ్చాడు. నెట్టడం, లాగడం, ఎత్తడం, మోయడం అనే కష్టాల్లోంచే ఎదురుబరువు సూత్రాలు తీశాడు. ఉన్నచోటే నిలబడి నడుస్తున్నట్టు చూపించే నడకని 1930లలో ఆయనా, శిష్యుడు జాఁ-లూయీ బారో కలిసి సాధించారు. మరో శిష్యుడు మార్సెల్ మార్సో 1947లో బిప్ అనే పాత్రని సృష్టించి ఆ విద్యని ప్రపంచమంతా తిప్పాడు. స్టేజీ మీద వెలిగిన ఈ కళకి మూలధనం పనిచేసేవాళ్ల ఒళ్లు. పనిముట్టు తీసేసి పనిని మిగిల్చితే అది మైమ్.

అందుకే ఈమధ్య సెట్‌కి వెళ్తే నా చూపు లైట్‌మెన్ మీద ఉంటోంది. బరువైన లైటు స్టాండుకి ఎక్కించేటప్పుడు ఒకరు "ఊఁ" అనకముందే రెండోవారి నడుం సిద్ధమవుతుంది. ట్రాలీ పట్టాలు పరిచేవాళ్లు, క్రేన్ వెనక బరువులు సర్దేవాళ్లు, కృష్ణానగర్ నుంచి తెల్లారకముందే బయల్దేరి వచ్చే ఈ మనుషులు నాకిప్పుడు పాఠ్యపుస్తకాలు.

మన సినిమా ఈ విద్యకి కొత్తది కాదు. 1957 నాటి 'మాయాబజార్'లో శశిరేఖ రూపంలో ఉన్న ఘటోత్కచుణ్ని సావిత్రి చూపించిన తీరు చూడండి. చీరా నగలూ శశిరేఖవే, భుజాల విరుపూ అడుగులో మోతా ఎస్వీ రంగారావువి. ఒక ఒంట్లో రెండు పాత్రలు నిలపడం పై గ్రేడు మైమ్‌లో అత్యంత కఠినమైన పాఠం. ఆ సినిమాకి కె.వి.రెడ్డి దగ్గర సహాయకుడిగా పనిచేసిన సింగీతం శ్రీనివాసరావు ముప్ఫయ్యేళ్ల తర్వాత, 1987లో, ఒక్క మాట లేకుండా 'పుష్పక విమానం' తీశారు. అందులో చప్పుళ్లున్నాయి, సంగీతం ఉంది, మాట మాత్రం లేదు. మాటలు రాసేవాడిగా ఆ సినిమాని ఎన్నిసార్లు చూసినా, ఇక్కడ ఒక డైలాగు ఉంటే బాగుండేదనిపించిన చోటు నాకు దొరకలేదు. 2012లో 'ఈగ' వచ్చింది. సుదీప్ ఎదుట ఈగ లేదు. ఆయన కళ్లు గాలిలో ఒక చుక్కని పట్టుకుని, అది ఎగిరిన దారంతా తిరిగాయి. ఆ చూపు కొలత తప్పకపోబట్టే మనకి ఈగ కనబడింది.

ఇంత ఉన్నా మైమ్‌కి మన దగ్గర మెట్లు లేవు. విశ్వవిద్యాలయాల యువజనోత్సవాల్లో అదొక పోటీ, ఆరుగురికి మించని జట్టు, ఐదు నిమిషాలు. ముఖాన తెల్లరంగు కడుక్కున్నాక ఆ పిల్లలకి తర్వాతి మెట్టు కనబడదు. కలకత్తాలో జోగేశ్ దత్తా, నిరంజన్ గోస్వామి వంటివారు దశాబ్దాలపాటు శిష్యుల్ని తయారుచేశారు. తెలంగాణ నుంచి మైమ్ మధు ఈ కళనే ఇంటిపేరు చేసుకున్నారు. కూచిపూడికి, కర్ణాటక సంగీతానికి ప్రభుత్వ కళాశాలల్లో సర్టిఫికెట్, డిప్లొమా పరీక్షలున్నాయి. వాటి పక్కన మూకాభినయానికీ ఒక పాఠ్యప్రణాళిక ఉండాలి. ఫొటోల ఆల్బమ్‌తో కృష్ణానగర్‌లో బస్సు దిగే కుర్రాళ్లు ఫైట్లూ డాన్సులూ నేర్చుకుంటున్నారు. గ్రీన్ మ్యాట్ ముందు నిలబడబోయేవాళ్లకి ఈ చదువూ అంతే అవసరం.

ఆ పరీక్షలోని అంశాలు మనవై ఉండాలి. మొదటి గ్రేడులో ముగ్గు వేయడం పెట్టండి. నడిమి గ్రేడుల్లో విసుర్రాయి, మగ్గం, చేపల వల పెట్టండి. ఎనిమిదో గ్రేడుకి మోకు నడుముకి వేసుకుని తాటిచెట్టు ఎక్కడం పెట్టండి. తొందర కూడా ఉంది. బావులు పూడిపోతున్నాయి, విసుర్రాళ్లు మూలపడ్డాయి. ఆ పనులు చేసిన తరం మన ఇళ్లలో ఉండగానే వాళ్లని నిలబెట్టి అడిగి, చూసి, నేర్చుకోవాలి. పరీక్ష గదిలో నాటకాల పండితుడి పక్కన ఇంకో కుర్చీ వేసి ఆ పని చేసిన మనిషిని కూర్చోబెట్టాలి. మోకు నడుముని ఎక్కడ ఒరుసుకుంటుందో చెట్టెక్కిన మనిషికే తెలుసు. మార్కులు వేసే హక్కు ముందు ఆయనది.