ఓరచూపుకే దొరికేవి

పుష్యమాసం చీకటి రాత్రులు వచ్చాయంటే మా ఇంట్లో నన్ను అన్నానికి రెండోసారి పిలవరు. దాబా మీద ఉంటానని తెలుసు. సారంగాపూర్‌లో అవి యాసంగి నాట్ల రోజులు. తొమ్మిదింటికల్లా వాడంతా సద్దుమణుగుతుంది. పైన గొర్రుకొయ్యలు. ఆ మూడు చుక్కలకు పేరు పెట్టింది విత్తనం వేసే చేతులేనని వేరే చెప్పక్కర్లేదు. వాటి కింద వేలాడే చిన్న చుక్కల్లో నడిమిది ఉత్త చుక్క కాదు, ఓరియన్ నెబ్యులా. 1,300 కాంతి సంవత్సరాలకు పైబడిన దూరంలో కొత్త నక్షత్రాలు పుడుతున్న వాయుమేఘం.

మొన్న పక్కింటి పెద్దబాపుకు నా ఎనిమిదంగుళాల టెలిస్కోప్‌లో దాన్ని చూపించా. "గీ బూడిద మరక కోసమా బిడ్డా, నిద్ర చెడగొట్టుకునుడు?" అన్నాడు. తప్పు నాదే. అంతకుముందే ఫోన్‌లో నేను తీసిన ఎర్రెర్రని ఫొటో చూపించా. మసక వెలుతురులో పనిచేసే కంటి కణాలకు రంగు తెలియదు. పైగా అవి చూపు నట్టనడుమ ఉండవు, చుట్టూ ఉంటాయి. అందుకే సూటిగా చూస్తే జారిపోయేది ఓరచూపుకు దొరుకుతుంది.

"దాన్ని చూడకు పెద్దబాపూ, పక్క చుక్కను చూడు" అన్నా.

నిమిషం పట్టింది. "రెక్కలున్నయి గదరా!"

కెమెరాకు ఈ తంటా లేదు, దానివి వేరే తంటాలు. 30 సెకన్ల ఫొటోలు నూటయాభై తీసి కంప్యూటర్లో ఒకదాని మీద ఒకటి పేర్చాలి. ఫొటోలు నాలుగింతలైతే గరుకు సగానికి తగ్గుతుంది. భూమి తిరుగుతుంటే చుక్కలు గీతలవుతాయి కాబట్టి కెమెరాను ఎదురు తిప్పే మోటారును ధ్రువనక్షత్రానికి గురిపెట్టాలి. మన దగ్గర ధ్రువుడు 19 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు, సరిగ్గా పెద్దబాపు వేపచెట్టు వెనకాల! స్టాండు మూలకు జరుపుకున్నా. ఇక మంచు. నీళ్లు నిండిన మళ్ల మీంచి అర్ధరాత్రి దాటాక లేస్తుంది. ఒకసారి లెన్స్ చెమ్మగిల్లిందని పొద్దున గానీ తెలియలేదు. సగం ఫొటోల్లో చుక్కలన్నీ ఉబ్బిన పేలాలు.

ఈ పిచ్చి మనకు కొత్తదేం కాదు. 1901 ప్రాంతంలో నవాబు జఫర్ జంగ్ హైదరాబాద్ ఫిసల్‌బండలోని సొంత జాగాలో 15 అంగుళాల టెలిస్కోప్‌తో వేధశాల మొదలుపెట్టాడు. ఆయన పోయాక అదే సర్కారీ నిజామియా వేధశాల అయింది. అక్కడివాళ్లు గాజు పలకల మీద ఆకాశాన్ని ఫొటోలు తీసి, 7 లక్షలకు పైగా నక్షత్రాల స్థానాలు కొలిచారు. పేర్చిపెట్టడానికి కంప్యూటర్ లేదు. నా నూటయాభై ఫొటోల గొప్ప అక్కడ చెల్లదు.

ఫొటో ముందు, కన్ను తర్వాత అనే వరస మాత్రం మార్చేశా. ఎవరొచ్చినా ముందు బూడిద మరకే.

పుష్యమాసపు అమావాస్యకు మీరూ వాకిట్లో లైటు ఆర్పండి. ఫోన్ లోపల పెట్టి ఇరవై నిమిషాలు ఆగండి. గొర్రుకొయ్యల కింద నడిమి చుక్కకు కొంచెం పక్కగా చూడండి.