వెదురు అటకకు నీటి గండం

జూన్ సగం దాటేసరికి కొయ్యూరు కొండల మీద ముసురు పట్టుకుంటుంది. పట్టిందంటే రోజుల తరబడి వదలదు. దండెం మీది బట్టలు ఆరవు, ఉప్పు డబ్బాలో నీరు ఊరుతుంది, అగ్గిపుల్ల తల రాలిపోతుందే తప్ప వెలగదు. నైరుతి వానలు వెనక్కి తగ్గాయనుకుంటే అక్టోబరు, నవంబరుల్లో తుపాన్ల భయం. అంత చెమ్మలోనూ ఇక్కడి పాత ఇళ్లలో పొయ్యి పైనున్న వెదురు అటక చెక్కుచెదరకుండా ఉంటుంది. అదే విశాఖపట్నంలోనో హైదరాబాదులోనో ముచ్చటపడి కొనుక్కున్న వెదురు అరల స్టాండుకు మొదటి వానాకాలంలోనే నల్లటి బూజు మచ్చలు వేస్తాయి, ఆ తర్వాత కాళ్ల దగ్గర మెత్తబడుతుంది. పైన పూసిన వార్నిష్ మంచిది కాదేమో అనుకుంటారు. చాలాసార్లు తప్పు అంతకంటే ముందే, గెడ నరికిన రోజునే జరిగిపోయి ఉంటుంది.

కొయ్యూరు పేరు వినగానే తెలుగువారికి 1924 మే 7న అల్లూరి సీతారామరాజు నేలకొరిగిన చోటు గుర్తొస్తుంది. 2022లో ఆయన పేరుతోనే ఏర్పడిన జిల్లాలో ఇప్పుడిదొక మండలం. భగతలు, కొండదొరలు, వాల్మీకులు ఉండే ఈ ఊళ్లలో వెదురు లేకుండా రోజు గడవదు. ఇంటి కప్పుకు వాసాలు, పెరటికి దడి, ధాన్యానికి గాదె, చేలో మంచె, చేట, బుట్ట, కోళ్ల గంప. వానాకాలంలో లేత వెదురు కొమ్ములు కూరకు కూడా వస్తాయి.

అటక వీటన్నిటిలోకీ సాదాసీదా వస్తువు. పొయ్యికి పైన, మనిషి చెయ్యెత్తితే అందే ఎత్తులో, గెడలతో కట్టిన చట్రం. దాని మీద వెదురు దబ్బలు పరుస్తారు. ఒక దబ్బకూ మరో దబ్బకూ మధ్య వేలు దూరేంత సందు వదులుతారు. వచ్చే ఏడాదికి విత్తనంగా దాచిన మొక్కజొన్న పొత్తులు, రాగి వెన్నులు, ఎండుమిరపకాయలు ఆ దబ్బల మీదికి చేరతాయి. పొద్దునా సాయంత్రం పొయ్యి రాజేసినప్పుడు పొగ సందుల్లోంచి మెల్లగా పైకి పోతుంది. కొన్నేళ్లకు దబ్బ అడుగు నల్లగా, నున్నగా తేలుతుంది. గోరుతో గీకినా గీత పడనంత గట్టి పూత అది. ఎవరూ బ్రష్ పట్టుకుని పూసింది కాదు.

ఈ ఏర్పాటు ఎందుకు పనిచేస్తుందో తెలియాలంటే వెదురు లోపలికి చూడాలి. వెదురు పైతోలులో సిలికా, దాని మీద మైనపు పొర ఉంటాయి. నీటిబొట్టు జారిపోతుందే గాని ఇంకదు. లోపల మాత్రం నాళాలన్నీ నిలువునా సాగుతాయి. మామూలు చెట్టు కలపలో కేంద్రం నుంచి బెరడు వైపు అడ్డంగా సాగే కణాల వరుసలు ఉంటాయి. వెదురులో కణుపుకూ కణుపుకూ మధ్య అవి ఉండవు. అందుకే నీటికి పక్క నుంచి దారి దొరకదు. కోసిన కొస దొరికితే మాత్రం దీపపు వత్తి నూనె పీల్చినట్టు పీల్చేస్తుంది. మేకు దిగిన బెజ్జం, చీల్చిన దబ్బ లోపలి ముఖం కూడా అలాంటి ద్వారాలే. గెడ లోపలి మెత్తటి భాగంలో పిండి పదార్థం నిల్వ ఉంటుంది. ఆ పిండి కోసమే పుచ్చు పురుగు వస్తుంది. దానికి చెమ్మ తోడైతే బూజు పెరుగుతుంది. వెదురుకు నీరు ఒక్కటే శత్రువు కాదు, నీరూ పిండీ కలిసినప్పుడే అసలు చేటు.

జర్మన్ శాస్త్రవేత్త వాల్టర్ లీజ్ దశాబ్దాల పాటు వెదురు మీద పరిశోధన చేశారు. ఆయనలాంటి పరిశోధకులు సాధారణంగా చెప్పే లెక్క ప్రకారం ఏ రక్షణా లేని వెదురు నేలను తాకుతూ ఉంటే 1 నుంచి 3 ఏళ్లు, కప్పు కింద నేలకు దూరంగా ఉంటే 4 నుంచి 7 ఏళ్లు, మరీ అనుకూలమైన పొడి వాతావరణంలో 10 నుంచి 15 ఏళ్లు నిలుస్తుంది. గెడ అదే, ఉంచిన చోటును బట్టి ఆయుష్షు ఇంత మారుతుంది.

ఇక నరికే వేళ. వెదురు పనివాళ్లు వానాకాలంలో గెడ ముట్టరు. కార్తీకం దాటాక, చలి ముదిరాక కత్తి పడతారు. ఇది వట్టి ఆనవాయితీ కాదు. తొలకరితో పొదలో కొత్త కొమ్ములు మొలుస్తాయి. తల్లి గెడలు దాచుకున్న పిండి అంతా ఆ పిలకలను పెంచడానికి ఖర్చవుతుంది. వానలు ముగిసేసరికి గెడలో పిండి తగ్గి ఉంటుంది, పురుగుకు మేత తక్కువ. పైగా చలికాలపు పొడి గాలికి గెడ నిదానంగా ఆరుతుంది. అమావాస్య దగ్గర్లో నరికితే పుచ్చు పట్టదన్న నమ్మకం కూడా చాలాచోట్ల ఉంది. దాని మీద శాస్త్రజ్ఞులు ఒక మాట మీద లేరు. చలికాలంలో నరకడం మీద మాత్రం పేచీ లేదు.

వేళతో పాటు వయసూ చూసుకోవాలి. ఏడాది గెడ ఆకుపచ్చగా మెరుస్తుంది, కణుపుల దగ్గర పొరలు ఇంకా అంటుకుని ఉంటాయి, తోలు మీద తెల్లటి బూడిద వంటి పొడి కనిపిస్తుంది. చూడ్డానికి అందంగా ఉన్నా అందులో నీరెక్కువ, ఆరేటప్పుడు ముడుచుకుపోతుంది. మూడు నాలుగేళ్ల గెడకు నిగారింపు తగ్గుతుంది, తోలు మీద తెల్లటి, బూడిదరంగు మచ్చలు వస్తాయి. కత్తి వెనక వైపుతో తడితే ఖంగుమంటుంది. అరలకు పనికొచ్చేది ఇదే. ఈ కొండల్లో దొరికే సాధన వెదురు గోడ దళసరిగా ఉంటుంది, కొన్ని గెడలకు లోపల బోలే ఉండదు. బరువు మోసే చట్రానికి అంతకంటే ఏం కావాలి?

నరికిన గెడల్ని కొన్ని వారాల పాటు వాగులోనో చెరువులోనో ముంచి ఉంచే పద్ధతి మన దేశంలో చాలా ప్రాంతాల్లో ఉంది. నీటి నుంచి కాపాడాల్సిన వస్తువును నీళ్లలోనే పడెయ్యడం వింతగా తోచవచ్చు. కానీ ఆ నీళ్లలో గెడలోని పిండి, చక్కెరలు కరిగి బయటికి పోతాయి. పైకి తీశాక ఎండలో పడెయ్యకూడదు, పగుళ్లు తీస్తుంది. నీడలో, గాలి ఆడేచోట, వీలైతే నిలబెట్టి ఆరనివ్వాలి. నాళాలు నిలువునా ఉన్నాయి కాబట్టి నిలబెట్టిన గెడ త్వరగా ఆరుతుంది.

పొగ చేసే పని రెండు విధాలు. రోజూ తగిలే వేడి వెదురులోని తేమను పెరగనివ్వదు. పొగలోని తారు పొర దబ్బను కప్పి, బూజుకూ పురుగుకూ గిట్టకుండా చేస్తుంది. జపాన్ పల్లెల్లోనూ ఇదే కథ. అక్కడి పాత గడ్డి ఇళ్లలో ఇంటి మధ్యనున్న పొయ్యి పొగకు వందేళ్లకు పైగా కాగిన కప్పు వెదురును ‘సుసుదకే’ అంటారు. ఇళ్లు విప్పినప్పుడు దాన్ని జాగ్రత్తగా తీసి, టీ వేడుకల సామగ్రికీ బుట్టలకూ వాడతారు. దాని ధర కూడా ఎక్కువే. మన అటక దబ్బలు మాత్రం ఇల్లు విప్పిన రోజున పొయ్యిలోకి పోతున్నాయి. ఇది బాధ కలిగించే సంగతి.

అయితే పొగను మెచ్చుకుంటూ కూర్చోలేం. ఆ పొగనే పీల్చిన ఆడవాళ్ల ఊపిరితిత్తులు చెల్లించిన మూల్యం తక్కువది కాదు. 2016లో ఉజ్జ్వల పథకం మొదలయ్యాక గ్యాస్ పొయ్యి కొండ ఊళ్లకూ వచ్చింది, శ్లాబ్ ఇళ్లూ వచ్చాయి. రావలసినవే. కానీ వంటింట్లో పొగ ఆగిన నాటి నుంచి వెదురుకు కాపలా లేదు. పొగ చేసిన పనిని ఇప్పుడు మరో దారిన చెయ్యాలి. ఆ దారి చాలావరకు పాత పనితనంలోనే ఉంది.

మేదరులు అర కట్టే తీరు చూడండి. గెడ కొసను కణుపు దాటగానే కోస్తారు. కణుపు దగ్గర లోపల అడ్డుగోడ ఉంటుంది కాబట్టి బోలులో నీరు నిలవదు, పురుగు చేరదు. దబ్బల తోలు ముఖం పైకి, మెత్తటి ముఖం కిందికి పెడతారు. చిందిన నీళ్లు జారి సందుల్లోంచి పోతాయి. కీళ్ల దగ్గర మేకు కొట్టరు, నారతో బిగిస్తారు. ఏజెన్సీలో విస్తరాకులకు పేరుపడ్డ అడ్డతీగ నార ఇలాంటి కట్లకు గట్టిది. మేకు వెదురును నిలువునా చీలుస్తుంది, తుప్పు పట్టి చెమ్మను లోపలికి దింపుతుంది. తప్పనిసరైతే ముందు సన్నటి బెజ్జం వేసి స్టెయిన్‌లెస్ స్క్రూ బిగించాలి. కాళ్ల కింద రాయి పెట్టడం మరో అలవాటు. పట్నంలో రాయి బదులు రబ్బరు తొడుగు వేస్తారు గాని, గిన్నెలా ఉండే తొడుగులో ఇల్లు తుడిచిన నీరు నిలిచి కాలిని అడుగు నుంచి కుళ్లబెడుతుంది. చదునైన రాతి ముక్కే నయం.

పూతల విషయంలో తెలుగు ఇళ్లకు సొంత విద్య ఉంది. కొత్త చేట కొన్నాక నానబెట్టిన కాగితం గుజ్జు, రుబ్బిన మెంతులు కలిపి పట్టించి ఆరబెట్టేవారు. మెంతి జిగురు సందులు పూడుస్తుంది, చేదుకు పురుగు దూరంగా ఉంటుంది. గాదెలకు, గంపలకు పేడతో అలకడం మామూలే. ఇవి పొడి ధాన్యానికి సరిపోయే పూతలు, తడి తగిలితే ఊడతాయి. నీటికి నిలిచేది జీడి నూనె. జీడిగింజ పెంకు నుంచి తీసే ఈ ముదురు నూనెను కోస్తాలో పడవలకు పూసేవారు. చాకళ్లు బట్టల మీద గుర్తు పెట్టే నల్లజీడి రసం కూడా ఆ కుటుంబానిదే. ఎన్ని ఉతుకులకైనా ఆ గుర్తు పోదు. అయితే పచ్చి జీడి నూనె చర్మానికి తగిలితే బొబ్బలెక్కుతుంది. చేతి తొడుగులు లేకుండా ముట్టకూడదు, పళ్లేలు, గిన్నెలు పెట్టే అరకు వాడకపోవడమే మంచిది.

ప్రయోగశాల ఇచ్చిన మందు బోరాన్. 100 లీటర్ల నీటికి 3 కిలోల బోరాక్స్, 2 కిలోల బోరిక్ యాసిడ్ కలిపిన ద్రావణంలో దబ్బల్ని వారం పాటు నానబెట్టి, నీడన పూర్తిగా ఆరబెడతారు. వెదురును శుద్ధి చేసే విధానాల మీద భారతీయ ప్రమాణాలు కూడా ఉన్నాయి. నిర్మాణాలకు వాడే వెదురుకు ఐ.ఎస్. 9096, ఇతర వాడకాలకు ఐ.ఎస్. 1902. బోరాన్ పురుగునూ బూజునూ ఆపుతుంది గాని, నీళ్లు పదే పదే తగిలితే కరిగిపోతుంది. అందుకే దాని మీద నూనెనో వార్నిష్‌నో పూయాలి. పూసే ముందు తోలును గరుకు కాగితంతో కొద్దిగా రుద్దకపోతే మైనం మీద పూత పట్టదు. అన్నిటికంటే ముందు కోసిన కొసలకు రెండు మూడు పూతలు వెయ్యాలి. ఎదురుగా కనిపించే ముఖానికి మెరుపు దిద్ది కొసల్ని వదిలేసిన స్టాండులే బజారులో ఎక్కువ. తడి ఆరని వెదురు మీద వార్నిష్ వేస్తే ఇంకా చేటు. చెమ్మ బయటికి పోలేక లోపలే బూజు కడుతుంది.

విశాఖ వంటి సముద్రపు ఊళ్లలో స్టాండును గోడకు నాలుగు వేళ్ల దూరం జరిపి పెడితే సగం బాధ తీరుతుంది. సింకు పక్కన, స్నానాల గది గోడకు ఆనించి పెట్టకూడదు. కడిగిన గిన్నెలు నీరు వాడ్చాకే అరలోకి వెళ్లాలి. బూజు కనిపిస్తే పొడిగుడ్డతో దులపకూడదు, గదంతా పరుచుకుంటుంది. సబ్బునీటిలో ముంచి గట్టిగా పిండిన గుడ్డతో తుడిచి, గాలికి ఆరబెట్టాలి. ఏటా చలికాలంలో కొసల పూతను మళ్లీ వేసుకుంటే చాలు. ఒక దబ్బ పుచ్చితే అదొక్కటే తీసి మార్చుకోవచ్చు. ప్లైవుడ్ అరకు ఆ వీలు లేదు.

2006 అటవీ హక్కుల చట్టం వెదురును చిన్నతరహా అటవీ ఉత్పత్తిగా గుర్తించి, సేకరించి అమ్ముకునే హక్కును అడవి బిడ్డలకు ఇచ్చింది. 2017లో అటవీ చట్టానికి చేసిన సవరణతో అడవికి బయట పెంచిన వెదురు ‘చెట్టు’ లెక్కలోంచి తప్పుకుంది. పెంచేవారికి, నరికేవారికి, కట్టేవారికి దారి కొంత సులువైంది. ఇక కొనేవారి వంతు. సంతలోనో ఎగ్జిబిషన్లోనో అరల స్టాండు నచ్చితే ధర అడిగే ముందు దాన్ని తిరగేసి చూడాలి. కొసలు కణుపు దగ్గర కోశారా, వాటికి పూత ఉందా, తడితే పొడి రాలుతోందా అని చూసి, గెడ ఏ నెలలో నరికారో కట్టినవాళ్లనే అడగాలి. తన చేత్తో కట్టినవారికి ఆ నెల గుర్తుంటుంది.