అంజూరపుఁజెట్టు: ఒక యన్వయ విచారము

మార్కు సువార్త 11వ యధ్యాయమునఁ గల యంజూరవృక్షకథ పఠితలను చిరకాలముగా బాధించుచున్నది. యేసు ఆఁకలిగొని, ఆకులుగల చెట్టును సమీపించి, పండు గానక దానిని శపించెను. అది పండ్లకాలము గాదని గ్రంథకర్తయే చెప్పుచున్నాఁడు. అట్లైనచోఁ జెట్టు చేసిన యపరాధమేమి?

అంగళ్లు, మదనపల్లె ప్రాంతములవారు మేడిని దలఁచి యీ కథ చదివినచోఁ జిక్కు మఱింత బిగియును. మేడి మ్రానికే కాచును. ఆకులతో దానికిఁ బనిలేదు. అంజూరమట్లు గాదు. పాలస్తీనాలో వసంతమున నాకులతోడనే తొలిపిందెలు పొడచూపును. కావున నచ్చట నాకులు కాఁపునకు లింగములు.

ఇఁక వ్యాకరణము. గ్రీకుమూలమందలి 'గార్' అను నవ్యయము సంస్కృతమందలి 'హి' వలె హేతువును దెలుపును. దానిని సన్నిహితమగు ఫలాభావముతో నన్వయించుటచేతనే దోషము పుట్టినదని కొందఱందురు. ఫలము వెదకఁబోవుటతో నన్వయింపవలెనఁట: కోఁతకాలము రాలేదు గనుకఁ గాయలు చెట్టుననే యుండవలెను. దూరాన్వయ మీ గ్రంథకర్తకుఁ గొత్త గాదు. 16వ యధ్యాయమున రాయి మిక్కిలి పెద్దదను హేతువు, అది యప్పటికే దొరలియుండుటకుఁ గాక, దాని నెవరు దొరలింతురను ముందటి ప్రశ్నకే చెల్లును.

ఈ సమాధానము గ్రాహ్యమే కాని పూర్ణము గాదు. పస్కా నాఁటికిఁ బిందెలే కాని పండ్లుండవు. మత్తయి యా హేతువాక్యమునే విడిచిపెట్టెను. మార్కు దానిని విడువక, శాపమునకును జెట్టెండుటకును నడుమ దేవాలయశుద్ధిని నిలిపెను. చెట్టునకు న్యాయము జరిగెనా యను ప్రశ్నకుత్తర మా నడుమనే వెదకవలయును.