మూడు నిమిషాలకు 2,160 బొమ్మలు

జపాన్ యానిమేషన్ దర్శకుడు హయావో మియాజాకి తీసిన ‘ద విండ్ రైజెస్’ (2013)లో భూకంపం వచ్చాక జనం గుంపుగా కదిలే షాటు ఒకటుంది. తెర మీద అది నాలుగు సెకన్లే. గీసిన ఏజీ యమమోరికి మాత్రం ఏడాది మూడు నెలలు పట్టింది. ఆ గుంపులో ఎవరి నడక వాళ్లదే. అన్ని నెలలు గీసిన ఆ చేతికి ఎన్ని దండాలు పెట్టినా తక్కువే!

హైదరాబాద్‌లో బర్కత్‌పుర, నారాయణగూడ వైపు కాలేజీల్లో చదువుతూ, మియాజాకి మీద ప్రేమతో షార్ట్ ఫిల్మ్ తీయాలనుకునే పిల్లలకు నేను ముందు చూపించేది ఈ షాటే. మరో జపాన్ దర్శకుడు మకోటో షింకాయ్ అభిమానులకు కోపం రావచ్చు. పాతిక నిమిషాల ‘వాయిసెస్ ఆఫ్ ఎ డిస్టెంట్ స్టార్’ను 2002లో దాదాపు ఒంటిచేత్తో, సొంత కంప్యూటర్ మీద తీసిన మనిషాయన. విద్యార్థికి అంతకన్నా ధైర్యం ఇంకెవరిస్తారు? ఆయన ఆకాశాలూ గొప్పవే. అయినా నా ఓటు మియాజాకికే. ‘స్పిరిటెడ్ అవే’ (2001)లో చిహిరో బూటు తొడుక్కుని, కొసను నేలకేసి తట్టుకుంటుంది. కథకు ఆ తట్టుడుతో పనిలేదు, ఆ పిల్లకు ఉంది. అలాంటి చిన్న కదలికల్లోనే ఆయన పాత్రలకు ప్రాణం వస్తుంది.

చేత్తో గీసే షార్ట్ ఫిల్మ్ లెక్క కష్టమేమీ కాదు. సెకనుకు 24 ఫ్రేములు. ఒక్కో బొమ్మను రెండు ఫ్రేముల పాటు నిలిపితే సెకనుకు 12, మూడు నిమిషాలకు 2,160 బొమ్మలు. ముందు స్టోరీబోర్డు, తర్వాత కదలిక ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో చెప్పే కీ బొమ్మలు, ఆపైన వాటి మధ్య ఇన్‌బిట్వీన్లు. సామగ్రికేముంది, పేపరు, పెన్సిలు, కింద దీపం పెట్టిన గాజుపలక ఉంటే చాలు. ఇన్ని బొమ్మలా అని భయపడేవాళ్లు మియాజాకి ‘టొటొరో’ (1988)లో వానలో బస్సు కోసం ఎదురుచూసే సన్నివేశం చూడండి. పాత్రలు చాలాసేపు ఊరికే నిలబడతాయి. ఎక్కడ కదపకూడదో తెలిస్తే బొమ్మలు తగ్గుతాయి, సన్నివేశమూ నిలుస్తుంది. ఓపిక విషయానికొస్తే, ‘ప్రిన్సెస్ మోనోనోకె’ (1997)కు సుమారు 1,44,000 సెల్‌లు (పారదర్శక షీట్ల మీది బొమ్మలు) గీస్తే, వాటిలో 80 వేల దాకా మియాజాకి స్వయంగా దిద్దారంటారు!

ఇదంతా జపాన్ సొత్తనుకోనక్కర్లేదు. షూటింగుకు ముందే షాట్లన్నీ బొమ్మల్లో గీసుకున్న బాపు మనవారే. జపాన్ దర్శకుడు యూగో సాకో మన యానిమేటర్ రామ్‌మోహన్‌తో కలిసి చేసిన రామాయణం యానిమేషన్ సినిమా 2025 జనవరిలో తెలుగు మాటలతో థియేటర్లకు వచ్చింది. చూడనివాళ్లు ఎలాగైనా చూడండి.

మియాజాకి నుంచి తీసుకోవాల్సింది ఆయన చూపు. మన పిల్లలేమో ‘టొటొరో’లోని ఆయన పిల్లి బస్సును ఎత్తుకొస్తున్నారు. బర్కత్‌పుర డిపో బస్సు మలుపులో జనం బరువుకు ఒక పక్కకు ఎలా ఒరుగుతుందో గీసినవాళ్లేరీ? చిక్కడపల్లి లైబ్రరీ ఆవరణలో గ్రూప్స్‌కి చదివే అమ్మాయి పేజీ తిప్పకముందే వేలు తడుపుకునే తీరు, అశోక్‌నగర్ టిఫిన్ బండి దగ్గర ప్లేటు కోసం చాచిన చేయి... ఇవి గీయకుండా టోక్యో వీధులు గీస్తే ఆయన శిష్యులెలా అవుతారు?

ఇక 2025 మార్చిలో ఊరందరికీ పట్టిన పిచ్చి సంగతి. ఏఐకి ఫొటో ఇస్తే చాలు, క్షణంలో మియాజాకి స్టూడియో ‘జిబ్లీ’ తరహా బొమ్మ! పెళ్లి ఫొటోలు, నాయకుల ముఖాలు, అన్నిటికీ అదే లేతరంగు పూత. 2016లో తన మీద ఒక డాక్యుమెంటరీ తీస్తుండగా, కంప్యూటర్ సొంతంగా నేర్చుకుని కదిలించిందంటూ కొందరు ఒక వికృత రూపాన్ని చూపిస్తే, ఇది ప్రాణానికే అవమానమని మియాజాకి ముఖం మీదే చెప్పారు. అలాంటి మనిషి పేరుతో ఈ చవక సరుకా! యమమోరి ఏడాది మూడు నెలల శ్రమనూ, ఈ క్షణకాలపు పూతనూ ఒకే పేరుతో పిలవడం దారుణం. పోటీల్లోనూ ఈ రెండింటినీ ఒకే వరసలో నిలబెడితే, పెన్సిలు పట్టిన పిల్ల రేపు దాన్ని వదిలేయదా?

అందుకే కాలేజీలవారికీ పోటీల నిర్వాహకులకూ నా మనవి: చేత్తో గీసిన షార్ట్ ఫిల్ములకు వేరే విభాగం పెట్టండి, బొమ్మల కట్టలు తెచ్చి చూపించమని అడగండి. త్యాగరాయ గానసభలో ఏడాదికి ఒక సాయంత్రం వాటికి కేటాయించండి. పిల్లలూ, మూడు నిమిషాల సంగతి తర్వాత చూద్దాం. ఈ ఆదివారం 12 బొమ్మలు గీసి, ఒక్క సెకను కదిలించి చూడండి.